రెండో కార్డు

నేనే ఇచ్చాను, కార్డు నేనే ఇచ్చాను, నా మెడలోంచి తీసి నా చేతుల్తోనే అతని మెడలో వేశాను, అంతే, చిన్న ముక్క, దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి అంత కష్టపడి టోఫెల్ రాయక్కర్లేదు అనుకుంటూ జయంతి ఆ బెంచీ మీద ఇందాకటి నుంచీ పెదవులు కదపకుండా సాధన చేస్తోంది. వాక్యం బాగానే వస్తోంది. వచ్చినట్టే వచ్చి, తలుపు వైపు చూడగానే సగంలో ఆగిపోతోంది. తలుపుకి పై సగం గరుకు అద్దం. అద్దం వెనక రెండు ఆకారాలున్నాయి, ఒకటి విచారణ చేసే ఆవిడ, నిటారుగా కూర్చుని, రెండోది పొడుగ్గా, కుర్చీలో ఇమడక ముందుకు వంగి. ఆ పొడుగాటి ఆకారం చక్రపాణిది. ఇద్దరూ ఒకే క్లాసు, స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది, ఆమెది తణుకు, అతనిది జనగామ. ఆ గదిలో చక్రపాణి ఇప్పుడు అబద్ధం చెబుతున్నాడు. బాస్కెట్‌బాల్ టికెట్ల లాటరీ కోసం పార్కింగ్ లాట్‌లో పడిగాపులు కాసిన శనివారం నాడు, జయంతి స్టూడెంట్ ఐడీ కార్డును ఆమెకు తెలియకుండా తానే తీసుకుని ఆమె బదులు మెషిన్‌లో గీకానని చెబుతున్నాడు. అతను బయటికొచ్చాక ఆమెను పిలుస్తారు. అతను చెప్పిన దానికి ఆమె అవునంటే ఆమె బయటపడుతుంది, అతను మునుగుతాడు. కాదంటే ఇద్దరూ తడుస్తారు, కానీ ఇద్దరూ ఒడ్డునే ఉంటారు.

ఇందులో తికమక ఏమీ లేదు. రష్మి నిన్ననే విడమరిచి చెప్పింది. రష్మి పీహెచ్‌డీలో ఐదో ఏడాది, ఇలాంటి విచారణల్లో విద్యార్థుల పక్కన కూర్చునే వాలంటీరుగా పనిచేసిన మనిషి, ఏ మాటకు ఏ శిక్షో ఆమెకు కంఠతా వచ్చు. "చూడు జయంతీ, కార్డు నువ్విచ్చి ఉంటే అది ఇద్దరూ కలిసి టికెట్ రూల్ బ్రేక్ చేసినట్టు. ఇద్దరికీ ప్రొబేషన్ పడుతుంది, రికార్డులో ఉంటుంది, అంతే. నువ్వివ్వకుండా తను తీసుకుంటే అది థెఫ్ట్. దానికి సస్పెన్షన్. సస్పెండ్ అయితే ఎఫ్-వన్ వీసా స్టేటస్ పోతుంది, ఇక బ్యాగ్ సర్దుకోవడమే." రికార్డులో ఉంటుంది, అంతే అని రష్మి తేలిగ్గా అనేసింది. ఆ అంతే ఎంతో జయంతికి తెలుసు. వచ్చే నెల పంపాల్సిన పీహెచ్‌డీ అప్లికేషన్లన్నిటిలోనూ ఒకచోట ఒక ప్రశ్న ఉంది, మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా అని, దాని కింద రెండు గడులు, అవును, కాదు. అవును అని పెట్టిన అప్లికేషన్‌ని ఎవరైనా రెండోసారి చూస్తారా, వేలమందిలో, కాదు అని పెట్టినవాళ్లే వేలమంది ఉండగా. ఒక పక్క గడి, ఇంకో పక్క మనిషి. ఇలా పక్కపక్కన పెట్టి అడిగితే మనిషే ముఖ్యం అని ఎవరైనా అంటారు. బెంచీ మీద కూర్చోనివాళ్లు ఎవరైనా అంటారు.

గోడ వారగా హీటర్ సన్నగా రొద పెడుతోంది. నవంబరు వచ్చిందంటే ఈ బిల్డింగుల్లో బయట చలి, లోపల ఉక్కపోత, కోటు విప్పాలో వేసుకోవాలో తెలియదు. కార్పెట్‌లోంచి తడి వాసన వస్తోంది, ఎవరో వానలో తడిసిన బూట్లతో నడిచినట్టున్నారు, ఆ వాసన తగలగానే వద్దన్నా పార్కింగ్ లాట్ గుర్తొచ్చింది. సెప్టెంబరు వాన. తారు మీద నిలిచిన నీళ్లు, వరసగా గుడారాలు, మధ్యలో వీళ్ల ట్రక్కు. ఇల్లు మారేటప్పుడు సామాన్లు వేసుకునే ట్రక్కును అద్దెకు తెచ్చి, వెనక పరుపులు పరిచి, ఐదారుగురు అందులో చేరి, అదేదో తిరణాలకు వెళ్లినట్టు వెళ్లారు. ఈ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ అంటే ఆట కాదని, అది ఊరి జబ్బని మొదటి ఏడాదే అర్థమైంది. హాలు చిన్నది, ఆశపడేవాళ్లు ఎక్కువ. అందుకని పైచదువుల విద్యార్థులకు ఒక పద్ధతి పెట్టారు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటిదాకా ఆ లాట్‌లోనే పడి ఉండాలి. చెప్పాపెట్టకుండా హారన్ మోగిస్తారు. మోగిన పది నిమిషాల్లో బల్ల దగ్గరికి పరుగెత్తి ఎవరి కార్డు వాళ్లు గీకాలి. ఒక్కసారి తప్పితే పోనీ అంటారు, రెండోసారి తప్పితే లాటరీ డ్రాలోంచి పేరు కొట్టేస్తారు. ఇంత చేసినా చివరికి దొరికేది టికెట్ కాదు, డ్రాలో పేరు ఉండటం, అంతే. డ్రాలో తగిలితే అప్పుడు సీజన్ టికెట్. ఇదంతా విని జయంతి, రెండు రోజులు వానలో పడుండి, తర్వాత అదృష్టం కూడా ఉండాలా, దీనికన్నా వీసా ఇంటర్వ్యూ నయం కదా అంది. చక్రపాణి నవ్వలేదు. దేవుడి విషయంలో వేళాకోళం ఆడినట్టు చూశాడు.

అతనికి అది నిజంగానే అంతటి విషయం. అందరూ ర్యాంకింగులు చూసి యూనివర్సిటీ ఎంచుకుంటారు, అతనూ చూశాడు, కాకపోతే టీము ర్యాంకింగ్ చూశాడు. జనగామలో జూనియర్ కాలేజీ వెనక మొరం నేల మీద, వల లేని రింగులోకి బంతి వేస్తూ పెరిగాడట, జిల్లా టీముకు ఆడాడట, పడి మోచేతులు గీసుకుపోతే సున్నం రాసుకునేవాళ్లట. ఇంటర్నెట్ సెంటర్లో గంట డబ్బులు కట్టి ఈ యూనివర్సిటీ హాలులో జరిగిన మ్యాచ్‌ల ముక్కలు చూసేవాడట. ఇవన్నీ ట్రక్కులో వాన చప్పుడు వింటూ చెప్పాడు. అక్కడ సకల జనుల సమ్మె నడుస్తోంది అప్పుడు, బస్సుల్లేవు, బడుల్లేవు, ట్రక్కులో సగం మంది అటు, సగం మంది ఇటు, శుక్రవారం రాత్రంతా వాదించుకున్నారు. చక్రపాణి వాళ్లందరినీ ఆపి, "అన్నా, హారన్ మోగితే ఆంధ్ర కార్డు, తెలంగాణ కార్డు అని రెండు లైన్లు ఉండవు, జర నోర్మూసుకొని వినుర్రి" అన్నాడు. అందరూ నవ్వారు. జయంతి ఎక్కువ నవ్వింది. రష్మి పెద్ద అల్యూమినియం ట్రేలో తెచ్చిన పులిహోర చల్లారిపోయి ముద్దగట్టింది, అయినా గోకి గోకి తిన్నారు. ఆ రాత్రి అంత బాగుండకుండా ఉంటే, ఆ మనుషులు అంత దగ్గరగా అనిపించకుండా ఉంటే, మర్నాడు మెడలోంచి కార్డు అంత తేలిగ్గా తీసేదా. ఏమో. తీసేదేమో. ఒకరి బదులు ఇంకొకరు పలకడం ఆమెకు అలవాటైన పనే.

ఈ విషయం ఆ అద్దం వెనక కూర్చున్న ఆవిడకు ఎలా చెప్పాలి. భీమవరంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు జయంతి ప్రాక్సీలు చెప్పడంలో దిట్ట. లెక్చరరు తలెత్తకుండా రోల్ నంబర్లు చదువుకుంటూ పోయేవాడు, జయంతి తనకు ఒక గొంతు, సినిమాకు వెళ్లిన స్నేహితురాలికి ఒక గొంతు, హాస్టల్లో పడుకున్న దానికి ముక్కులోంచి ఇంకో గొంతు పెట్టి ప్రెజెంట్ సార్ అనేది. లెక్చరరుకి తెలియదా అంటే తెలుసు, ఆయనా అలా చదువుకుని వచ్చినవాడే. అక్కడ ప్రాక్సీ చెప్పడం తప్పని ఎవరూ అనుకోలేదు. అడిగితే చెప్పకపోవడమే తప్పు, అలాంటి మనిషిని నాలుగేళ్లూ ఎవరూ దగ్గరికి రానివ్వరు. అదే అలవాటు సముద్రాలు దాటి వచ్చింది, సూట్‌కేసులో ఆవకాయ సీసాతోపాటు, ఎవరూ ఆపి చూడలేదు. చక్రపాణికీ అంతే. వచ్చిన కొత్తలో, మొదటి సెమిస్టరులో హోంవర్క్ ఎవరో అడిగితే ఇచ్చేశాడు, ఇద్దరివీ ఒకేలా ఉన్నాయని దొరికిపోయాడు, వార్నింగ్ వచ్చింది. అడిగితే ఇవ్వకపోతే ఎట్ల, అని అప్పుడు అమాయకంగా అడిగాడు. ఇప్పుడు ఆ వార్నింగే అతని మెడకు చుట్టుకుంది. నాకు ముందే ఒకటుంది, రెండోది పడితే ఎట్లైనా పోతా అని అతని లెక్క. అలా ఏం లేదు, ప్రొబేషన్ అయితే ఉంటాడు అని రష్మి లెక్క. ఇద్దరిలో ఎవరి లెక్క కరెక్టో తేలాలంటే జయంతి ఒక్క మాట మాట్లాడాలి.

తలుపు వెనక దగ్గు వినబడింది. అతని దగ్గే. అబద్ధం చెప్పేటప్పుడు దగ్గుతాడేమో, ఎప్పుడూ గమనించలేదు, అబద్ధం చెప్పగా ఎప్పుడు చూసింది కనక.

శనివారం మధ్యాహ్నం. అప్పటికే ఆమె ఒక హారన్ తప్పింది, లైబ్రరీకి వెళ్లి, పొద్దున. ఇంకొకటి తప్పితే పోయినట్టే. తల బద్దలవుతోంది, ఒళ్లు కాలుతోంది, ట్రక్కులో కూర్చోలేక రష్మి కారులో వెనక సీటులో పడుకోవాలనుకుంది. నిజంగా అంత జ్వరమా. అంత కాదు. ఇప్పుడు ఈ బెంచీ మీద తనతో తాను అబద్ధం ఆడటం ఎందుకు, పది నిమిషాలు నిలబడలేనంత జ్వరమేం కాదు అది. వాన పడుతోంది, బద్ధకంగా ఉంది, పడుకుంటే బాగుండుననిపించింది. ట్రక్కు అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న చక్రపాణి దిగి నిలబడ్డాడు. ఆమె కార్డుకున్న ఆకుపచ్చ తాడును తల మీదుగా తీసింది, జడలో చిక్కుకుంది, విడిపించుకుంది. అతను పొడుగు కదా, కాస్త వంగాడు. అతని మెడలో వేసింది. "హారన్ మోగితే నాది కూడా గీకెయ్," అంది. "దాని మీద నీ ఫోటో ఉంటది కదా," అన్నాడు. "ఎవడు చూస్తాడు," అంది. ఆ మాట తనే అంది. మెడలో రెండు కార్డులతో, నీలం తాడు ఒకటి, ఆకుపచ్చ తాడు ఒకటి, అతను కాస్త సిగ్గుపడి, ఎందుకో పెళ్లికొడుకులా నిలబడ్డాడు. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్లి పడుకుంది. హారన్ మోగడం వినలేదు.

ఎవరూ చూడలేదు, నిజమే. బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు ఫోన్ చూసుకుంటూ మెషిన్ ఇటు తోశాడట. కార్డు గీకినప్పుడు తెర మీద ఫోటో వస్తుంది, ఆడపిల్ల ఫోటో, నిలబడ్డది ఆరడుగుల మగాడు, ఆ కుర్రాడు తలెత్తలేదు. తలెత్తింది లైన్లో వెనక ఉన్న మనిషి. తర్వాత ఫిర్యాదు రాసి పంపిన ఆ మనిషెవరో ఇప్పటికీ తెలియదు. రెండు రోజులూ వానలో నిజంగా నిలబడి, ఒక్క హారన్ కూడా తప్పకుండా, డ్రాలో పేరు రాని మనిషి అయి ఉండాలి. జయంతికి వచ్చింది. చక్రపాణికి రాలేదు. ఆదివారం పొద్దున పేర్లు చదువుతుంటే ఆమె పేరు వినబడగానే ముందు ఎగిరింది అతనే. ఆమె పేరును వాళ్లు నానా తిప్పలు పెట్టి పలికారు, అతను అందరికీ వినబడేలా సరిచేసి అరిచాడు. అతని పేరు రాలేదని అందరికీ అర్థమయ్యేదాకా కొంతసేపు పట్టింది. ఆ తర్వాత ట్రక్కులో పరుపులు చుట్టేటప్పుడు వెనక్కి తిరిగి నిలబడ్డాడు, చాలాసేపు ఒకే పరుపు చుట్టాడు. నా టికెట్ నువ్వు తీసుకో చక్రీ అంది. టికెట్ కార్డు మీదే ఎక్కిస్తారు, ఎవరి కార్డు వాళ్లదే, మారదు. "నువ్వు పోయి చూడు. వచ్చి నాకు చెప్పు. ఎవడు ఎక్కడ నిలబడ్డడు, ఎట్ల కొట్టిండు, మంచిగ చెప్పాలె," అన్నాడు. ఆమెకప్పటికి ఫౌల్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. అప్పుడైనా చెప్పాల్సింది, వెళ్లి ఆ బల్ల దగ్గర, నా పేరు తీసేయండి అని. ఆ క్షణంలో ఆ ఊహే రాలేదు. గెలిచినవాళ్లకు అలాంటి ఊహలు రావు.

అక్టోబరులో కార్డు మీద టికెట్ ఎక్కించుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్తే, ఫిర్యాదు వచ్చిందని లోపలివాళ్లు కార్డు తీసుకుని తిరిగి ఇవ్వలేదు. తాత్కాలిక ఐడీగా పచ్చ రంగు కాగితం ఒకటి చేతికిచ్చి కొన్నాళ్లు దీంతో గడపమన్నారు. కార్డు తనే తీసుకున్నానని చెబుతానని చక్రపాణి అన్నాక, కమ్మింగ్ అనే ఊళ్లో ఉన్న మీనక్కకు ఫోన్ చేసింది. అక్క ముందు ఏడ్చింది, తర్వాత బావకు ఇచ్చింది. బావ ఏ సంగతైనా మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "లుక్, వాడే ఒప్పుకుంటున్నాడు కదా, నువ్వెందుకు మధ్యలో దూరతావ్. నాకేం తెలీదు, ఐ వాజ్ స్లీపింగ్, ఫినిష్. ఎమోషనల్ అవ్వకు." అక్క మళ్లీ ఫోన్ లాక్కుని, "వాడేమైనా నీకు చుట్టమా పక్కమా" అంది. చుట్టం కాదు. పక్కం కూడా కాదు. మరేమిటి? మొదటి చలికాలంలో బస్సు రాక ఆమె గడ్డకట్టుకుపోతుంటే తన గ్లోవ్స్ ఇచ్చి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మోరిస్‌విల్‌లోని ఇండియన్ కొట్టు నుంచి బియ్యం సంచి మూడో అంతస్తుకు మోసి, మంచినీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయాడు. ఇవి ఒకరికొకరు అందరూ చేసుకునేవే. ఇవన్నీ కలిపితే ఒక పేరు వస్తుందేమో, ఆమె కలపలేదు, అతనూ ఎప్పుడూ కలపమనలేదు.

నిన్న సాయంత్రం రష్మి వెళ్లిపోయాక ఇద్దరూ బస్టాపులో కూర్చున్నారు. "నేను చెప్పేస్తాను చక్రీ, కార్డు నేనే ఇచ్చానని" అంది. అతను రోడ్డు చూస్తూ, "ఇద్దరం పోయి ఏం జేస్తం? నువ్వన్న ఉండు" అన్నాడు. "ఇద్దరం పోములే, రష్మి చెప్పింది కదా" అంది. "రష్మక్క బుక్‌ల ఉన్నది చెప్పింది. నాకు పాత వార్నింగ్ ఉన్నది. నీకు పీహెచ్‌డీ ఉన్నది. నాకేమున్నది, ఏదో కన్సల్టెన్సీల జాబ్, హైదరాబాద్‌ల కూడ ఉంటది" అన్నాడు. ఆమె గట్టిగా కాదనలేదు. కాదన్నట్టు తల ఊపింది, అంతే, బస్సు వచ్చింది. బస్సు రావడం తనకు హాయిగా అనిపించిందని ఇప్పుడు గుర్తొస్తోంది.

లేదు. ఇవాళ చెబుతుంది. నేనే ఇచ్చాను. నా కార్డు. నా తాడు. నేనే అడిగాను. ఎవడు చూస్తాడు అన్నది కూడా నేనే. గడిలో అవును అని పెడుతుంది, కింద నాలుగు లైన్లు ఖాళీ ఇస్తారు, అందులో ఇదంతా రాస్తుంది, భీమవరం, గొంతులు, వాన. ఎవరో ఒకరు చదివి నవ్వి, ఈ పిల్ల నిజం రాసింది, రానిద్దాం అనుకుంటారు. అనుకోకపోతే పోనీ. జయంతి లేచి నిలబడింది. ఎన్నో రోజుల తర్వాత ఊపిరి అడుగు దాకా వెళ్లింది, ఇంత సులువైన దానికా ఇన్నాళ్లూ అన్నం సహించలేదు అనుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

చక్రపాణి బయటికొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబు దగ్గర ఇంకు మరక. ఆమె కళ్లలోకి చూడకుండా, "పో, పిలుస్తున్నరు" అన్నాడు. ఆమె సంచీని తన చేతిలోకి తీసుకున్నాడు.

గుండ్రటి కళ్లద్దాల ఆవిడ లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఆవిడ ఇంత దయగా ఉంటుందని జయంతి అనుకోలేదు, కటువుగా ఉంటే బాగుండేది, కటువైన మనిషి ముందు ధైర్యం నిలబడుతుంది. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఆమె కార్డు, దాని చుట్టూ ఆకుపచ్చ తాడు. జయంతి కూర్చోకముందే చెప్పేసింది. సాధన చేసిన వాక్యం చేసినట్టే వచ్చింది, ఒక్క మాట తడబడలేదు. "కార్డు నేనే ఇచ్చాను. అతను దొంగిలించలేదు." ఆవిడ కళ్లద్దాలు తీసి, "మీరిలా అంటారని అతను ముందే చెప్పాడు" అంది. "ఆమె చాలా మంచిది, నన్ను కాపాడాలని నేరం తన మీద వేసుకుంటుంది, దయచేసి నమ్మకండి అన్నాడు."

"అలా కాదు. నిజంగా నేనే. నా తాడు తీసి వేశాను. అతను పొడుగు, వంగాడు."

ఆవిడ తల ఊపింది. ఆవిడ కళ్లలో తడి. ఆ తడి చూడగానే జయంతికి భయం వేసింది. "మీకు ఆ రోజు జ్వరం కదా" అంది ఆవిడ మెల్లగా. "జ్వరంలో ఏది జరిగిందో ఏది జరగలేదో తేల్చుకోవడం కష్టం. అతను అంతా ఒప్పుకుని సంతకం పెట్టాడు. మీ మీద ఏమీ లేదు, డ్రా అయిపోయింది కాబట్టి మీ టికెట్ కూడా మీదే. అయినా మీరు చెప్పేది ఇదే అయితే, ఇదిగో కాగితం. రాసి సంతకం పెట్టండి, కేసు మళ్లీ తెరుస్తాను. అప్పుడిది మీ రికార్డులోకి కూడా వెళ్తుంది. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

తెల్ల కాగితం. దాని మీద పెన్ను. పెన్ను మూత ఆవిడే తీసి పెట్టింది. హీటర్ ఇక్కడా రొద పెడుతోంది. నేనే అని రాయాలి, అక్కడి నుంచి మిగతాది అదే వస్తుంది. చెప్పాను కదా, నోటితో చెప్పాను, ఒకసారి కాదు, రెండుసార్లు, నమ్మకపోతే నా తప్పా, అని లోపల ఒక గొంతు అంది, ప్రాక్సీ గొంతుల్లో అది ఏ గొంతో ఆమె గుర్తుపట్టలేదు. అతనే వద్దన్నాడు. అతనికి హైదరాబాద్‌లో కూడా ఉంటుంది. గడి. రెండు గడులు. కాగితం మీద లైటు పడి మెరుస్తోంది. నిజం చెప్పడం ఇంతకుముందే అయిపోయిందనీ, ఇప్పుడు మిగిలింది దానికి వెల చెల్లించడమనీ ఆమెకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. చెయ్యి ఒడిలో ఉంది. ఒడిలోనే ఉంది. ఆవిడ చాలాసేపు ఎదురుచూసి, ఓదార్పుగా నవ్వి, కాగితాన్ని నెమ్మదిగా పక్కకు జరిపి, కవరులోంచి కార్డు తీసింది. ఫోటో చూసింది. తలెత్తి జయంతి ముఖం చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"ఇది మీరే కదా?"

"నేనే," అంది జయంతి.

బయట చక్రపాణి అదే బెంచీ మీద, ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జనవరి నుంచి సస్పెన్షన్ అట, డిసెంబరు సెలవుల్లోపు వెళ్లిపోవాలట, ఆ సంగతి వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత అడిగాడు.

"ఏం చెప్పినవ్?"

"నిజమే చెప్పాను."

"నమ్మలే కదా?"

ఆమె అతన్ని చూసింది. కాగితం సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. "నమ్మలేదు," అంది.

"నేను చెప్పిన గదా," అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు, పందెం గెలిచినవాడిలా. "సాయంత్రం ఫస్ట్ మ్యాచ్ ఉన్నది, మర్చిపోకు. లేట్ పోతే ఎనక నిలబెడ్తరు, ఏం కనపడది. వచ్చి నాకు చెప్పాలె." ఆమె చేతిలో ముద్దగా ఉన్న తాడును తీసుకుని, చిక్కులు విప్పి, ఆమె తల మీదుగా మెడలో వేశాడు. అతను పొడుగు కాబట్టి ఆమె వంగాల్సిన పని లేకపోయింది.